అద్దె ఎవరు కడుతున్నారు?

జపాన్ టీవీలో ఆమె వయసులో పెద్ద, అతను చిన్న అయిన ప్రేమకథ మొదలైతే అందరూ ముందు ఎన్నేళ్ళ తేడా అని లెక్క వేస్తారు. నేను మాత్రం ఆ ఫ్లాట్ అద్దె ఎవరు కడుతున్నారో చూస్తాను. ఆ ఒక్కటి తెలిస్తే కథ ఎటు పోతుందో, ఆ కుర్రాడు చివరి ఎపిసోడ్ దాకా ఉంటాడో సర్దుకుని వెళ్ళిపోతాడో చాలావరకు చెప్పేయొచ్చు.

వయసు తేడా పోస్టర్ మీదకి బాగుంటుంది. చూసేవాళ్ళకి కాస్త గిలిగింత, కాస్త "అయ్యో" పుడతాయి. కానీ నాకు తెలిసినంతలో ఈ సీరియళ్ళని లోపల్లోపల భయపెట్టేది వయసు కాదు. తన జీతంతో తాను బతికే ఆడమనిషి, మగవాడి సంపాదనతో పని లేని ఆడమనిషి, ప్రేమలో పడితే ఆ మగవాడు అక్కడ ఏం చేయాలి? బిల్లు అతను కట్టక్కర్లేదు, ఇల్లు అతను చూపించక్కర్లేదు, ఆఫీసులో ఆమెకి అండగా నిలబడక్కర్లేదు. మరి అతని చేతికి ఏం పని ఇవ్వాలి? రచయితలు ఒక్కొక్కరు ఒక్కో ఉపాయం పన్నారు. అందులో అన్నిటికన్నా విడ్డూరమైన ఉపాయమే అన్నిటికన్నా నిజాయితీగా ఉందనేది నా వాదన.

మన సీరియళ్ళలా జపాన్ సీరియల్ ఏళ్ళ తరబడి సాగదు. వారానికో ఎపిసోడ్, పదీ పదకొండు వారాలు, మూడు నెలల్లో అయిపోతుంది. అంటే ఏదో ఒకటి తేల్చాలి. మన దగ్గర అత్తగారు మూడేళ్ళు కుట్రలు పన్నుతూ పోవచ్చు కాబట్టి ముగింపు గురించి ఎవరూ పట్టించుకోరు. అక్కడ అలా కుదరదు. చివరి గంటలో ఆమె ఎవరి పక్కన నిలబడిందో అదే ఆ సీరియల్ ఇచ్చిన తీర్పు.

విడ్డూరం అన్నది 2003 వసంతంలో టీబీఎస్ చానెల్లో వచ్చిన "కిమి వా పెట్టో", అంటే "నువ్వు పెంపుడు జంతువువి". ఒగావా యాయోయి గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, దానికి మూలం. ఆ మాంగాకి అదే ఏడాది కోదన్షా అవార్డు వచ్చింది. కథానాయిక ఇవాయా సుమిరే పత్రికాఫీసులో ఉద్యోగి. ముప్పైకి దగ్గర పడుతోంది. టోక్యో యూనివర్సిటీ, ఆపైన హార్వర్డ్. పొడగరి. మంచి జీతం. ఆమెగా వేసిన కొయుకిని అదే ఏడాది చివర్లో వచ్చిన "ది లాస్ట్ సమురాయ్"లో చూసినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు.

ఇక్కడో చిన్న వివరం చెప్పాలి, లేకపోతే ఈ పాత్రలోని చురక అర్థం కాదు. జపాన్‌లో ఆర్థిక వ్యవస్థ బుడగలా ఉబ్బిన 1980ల చివరి రోజుల్లో పెళ్ళికొడుకుకి మూడు ఎత్తులు ఉండాలనేవారు. ఎత్తైన చదువు, ఎత్తైన జీతం, ఎత్తైన మనిషి. ఆడపిల్లలు మగవాళ్ళలో వెతికిన ఆ మూడూ తీసుకెళ్ళి ఈ కథ ఆడమనిషికే తగిలించింది. తగిలించాక ఏమైంది? ఆమె దగ్గర తన తక్కువతనం ఓర్చుకోలేని ప్రియుడు వదిలేశాడు. ఆఫీసులో తనతో అసభ్యంగా ప్రవర్తించిన పై అధికారిని కొట్టినందుకు ఆమెనే విదేశీ వార్తల విభాగం నుంచి మార్చేశారు. మగవాడికి అర్హతలైన మూడూ ఆమెకి మూడు నేరాలయ్యాయి.

అలాంటి రోజుల్లో ఆమె అపార్ట్‌మెంట్ ముందు ఒక అట్టపెట్టె, అందులో దెబ్బలు తగిలి ముడుచుకున్న కుర్రాడు. లోపలికి తెచ్చి కట్టు కట్టి అన్నం పెడుతుంది. అతను వెళ్ళనంటాడు. విసుగొచ్చి, పెంపుడు జంతువులా ఉంటానంటే ఉండు, వేరే హక్కులేవీ ఉండవు అంటుంది. ఆ మాటకి జడిసి పోతాడనుకుంటుంది. అతను సరేనంటాడు! తన చిన్నప్పటి కుక్క పేరు, మోమో, అతనికి పెడుతుంది. ఆ పాత్ర వేసిన మత్సుమోతో జున్ అప్పటికే అరాషి బృందంలో గాయకుడు, అతని చుట్టూ లక్షల మంది అమ్మాయిలు. అలాంటివాణ్ణి అట్టపెట్టెలో కూర్చోబెట్టారు.

మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మనిషిని పెంచుకోవడమేంటి? కానీ రెండు మూడు ఎపిసోడ్లు అయ్యాక ఆ ఒప్పందం ఏం చేస్తోందో అర్థమైంది. సుమిరేకి హసుమి అనే సీనియర్ కూడా ఉన్నాడు. చదువు, జీతం, ఎత్తు అన్నిట్లో ఆమెకి దీటు. మంచివాడు కూడా, అదే చిక్కు. అతని ముందు ఆమె ఎప్పుడూ పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉంటుంది. కూర్చోవడం, నవ్వడం, ఫోన్లో మాట్లాడటం అన్నీ సరిచూసుకుని చేస్తుంది. ఇంటికొచ్చి మోమో జుట్టు కడిగి ఆరబెడుతున్నప్పుడు మాత్రం భుజాలు దిగుతాయి. అక్కడ ఆమె ఏడవగలదు, అరవగలదు, ఏమీ మాట్లాడకుండా టీవీ చూడగలదు. మగవాడు అనగానే ఆమె నెత్తిన పడే బరువు, అంటే అతని అహాన్ని కాపాడటం, తన జీతాన్ని తగ్గించి చెప్పడం, అతనికన్నా ఒక మెట్టు కింద నిలబడటం, పెంపుడు జంతువు విషయంలో ఉండదు కదా. ఆ బరువు లేకుండా ఆడమనిషి ప్రేమించాలంటే 2003 నాటి టోక్యోలో మగవాణ్ణి మగవాడి లెక్కలోంచే తీసేయాల్సి వచ్చింది. నవ్వొస్తుంది, కానీ అది ఆ సమాజం మీద వేసిన పెద్ద చురక.

ఇందులో తిరకాసు లేదని నేను అనను. అతని పేరు మీద ఇల్లు లేదు, జీతం లేదు, ఆమె పొమ్మంటే పోవాలి. ఇదే కథ తిరగేసి, నలభై ఏళ్ళ ఆఫీసరు ఇరవై ఏళ్ళ అమ్మాయికి పాత కుక్క పేరు పెట్టి ఇంట్లో ఉంచుకున్నాడని తీస్తే నేను టీవీ కట్టేసేదాన్ని. ఈ ప్రశ్న అడిగేవాళ్ళని స్త్రీ ద్వేషులని కొట్టిపారేయడం సులువు, కానీ ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు ఇది. తిరగేసిన కథ కొత్తగా ఎవరూ తీయక్కర్లేదు, వెయ్యేళ్ళుగా ఉంది. పదకొండో శతాబ్దపు "గెంజి గాథ"లో గెంజి ఒక చిన్నపిల్లని ఇంటికి తెచ్చి, తనకి నచ్చినట్టు పెంచి, ఆమెనే భార్యగా చేసుకుంటాడు. జపాన్ సాహిత్యానికి అది మణిపూస, బడి పిల్లలు పాఠంగా చదువుతారు. ఆ కథలో ఒప్పందం ఉందని ఎవరూ పైకి అనరు. సుమిరే కథలో మాత్రం ఒప్పందాన్ని నోటితో చెప్పి, షరతులు పెట్టి, అది ఎంత అన్యాయమో మనకి కనపడేలా బయట పెట్టారు. పైగా మోమో అసలు పేరు తకేషి, అతను నాట్యకారుడు. బ్యాలేకి చాలినంత ఎత్తు లేక ఆధునిక నృత్యంలోకి వచ్చినవాడు. అంటే ఎత్తు అనే కొలత ఆమెని ఎలా వేధించిందో అతన్నీ అలాగే వేధించింది. అట్టపెట్టెలోకి చేరింది ఆమె జాలి కోసం కాదు, అతనికీ ఆ కొలతల్లోంచి కాస్త విరామం కావాలి.

చివరికి సుమిరే హసుమిని కాదని మోమోతో ఉండిపోతుంది. ఉద్యోగం మానలేదు, జీతం తగ్గలేదు, తాను పొట్టిగా కనపడటానికి వంగలేదు. అందుకే ఆ సీరియల్‌ని క్షమించాను.

రెండేళ్ళు గడిచాయి. 2005లో నిప్పాన్ టీవీలో "అనేగో" వచ్చింది. నోదా నావోకోకి 32, ఒక వాణిజ్య సంస్థలో పదేళ్ళ ఉద్యోగం. కొత్తగా చేరిన కురోసావాకి ఆమెకన్నా పదేళ్ళు తక్కువ. షినోహారా ర్యోకో, అకనిషి జిన్ వేశారు. ఇందులో నాకు ప్రేమకన్నా ఆఫీసే నచ్చింది. జపాన్‌లో స్త్రీ పురుషులకు ఉద్యోగాల్లో సమాన అవకాశాల చట్టం 1985లో చేశారు, 1986 ఏప్రిల్ నుంచి అమలైంది. పెద్ద కంపెనీలు దాన్ని తప్పించుకునే దారి కూడా అప్పుడే వెతుక్కున్నాయి. ఉద్యోగాల్ని రెండు పట్టాల మీద పెట్టాయి. ప్రమోషన్లు, బదిలీలు ఉన్న పట్టా ఒకటి, గుమస్తా పని చూసుకునే పట్టా ఇంకొకటి. రెండోదాంట్లో దాదాపు అందరూ ఆడవాళ్ళే. పెళ్ళయ్యేదాకా చేసి మానేస్తారని లెక్క. తర్వాత 1990లలో బుడగ పగిలి, ఆ గుమస్తా ఉద్యోగాలకి కూడా కొత్తవాళ్ళని తీసుకోవడం తగ్గించి, ఏజెన్సీల ద్వారా కాంట్రాక్టు అమ్మాయిల్ని పెట్టుకున్నారు. నావోకో ఆ రెండు కాలాల మధ్య మిగిలిపోయిన మనిషి. ప్రమోషన్ రాదు, కాంట్రాక్టు అమ్మాయిలు "పెర్మనెంట్ కదా, మీకేం" అంటారు, మగ అధికారులు ఇంకా పెళ్ళి కాలేదా అన్నట్టు చూస్తారు. అందరి గొడవలూ మాత్రం ఆమెకే చెప్పుకుంటారు. అనేగో అంటే అలాంటి పెద్దక్క.

ఇక్కడ పన్నిన ఉపాయం అదే. ఆమెని అక్కని చేస్తే సరి. అక్క సలహా ఇస్తుంది, తమ్ముడిలాంటివాడు ఎదురుచూస్తాడు, కథ మాత్రం సగంలో పెళ్ళైన ఇంకొకతని వైపు మళ్ళుతుంది. పది ఎపిసోడ్లు అయినా వీళ్ళిద్దరి సంగతి గట్టిగా తేలలేదు. ఆ డిసెంబరులో ఒక ప్రత్యేక ఎపిసోడ్ కూడా వేశారు. ఆఫీసుని అంత బాగా చూపించిన రచయితకి ప్రేమ దగ్గరికి వచ్చేసరికి చేయి వణికింది అనిపించింది నాకు.

అదే షినోహారా ర్యోకో 2013లో ఫుజి టీవీలో "లాస్ట్ సిండ్రెల్లా"లో మళ్ళీ అలాంటి పాత్రే వేసింది. ఈసారి ఆమె తోయామా సకురా, వయసు 39, హెయిర్ స్టయిలిస్ట్. కుర్రాడు హిరోతోకి 24, బీఎంఎక్స్ సైకిల్ మీద విన్యాసాలు చేస్తాడు. మియురా హరుమా వేశాడు. అతను 2020లో ముప్పై ఏళ్ళకే చనిపోయాడు, అది తెలిసి ఇప్పుడు చూస్తే ఆ నవ్వు చూడటం కష్టంగా ఉంటుంది. ఇక మూడోవాడు రింతారో. సకురా పనిచేసే సెలూన్ మేనేజరు, ఆమె పక్క ఫ్లాట్‌లోనే ఉంటాడు, ఈడూ దగ్గరే, ఎప్పుడూ కీచులాటే.

మొదటి ఎపిసోడ్లోనే సకురా గడ్డం మీద ఒక వెంట్రుక మొలుస్తుంది. పెళ్ళి చేసుకోకుండా, మగవాళ్ళలా పని చేసి, బీరు తాగి బతికితే ఆడమనిషి మగాడైపోతుందట! నవ్వించడానికే పెట్టారు, నేనూ నవ్వాను. కానీ ఆ వెంట్రుక ఆ సీరియల్ మొత్తాన్ని నడిపిస్తుంది. ఆమెలో "ఆడతనం" తిరిగి తెప్పించడమే హిరోతో పని. పదిహేనేళ్ళు చిన్నవాడు వచ్చి ఆమెని గౌను తొడిగించి, గుండె కొట్టుకునేలా చేసి, మళ్ళీ ఆడమనిషిని చేస్తాడు. పని అయ్యాక? సైకిలు ఎక్కి తన కల వెనక వెళ్ళిపోతాడు. సకురా ఆ పక్క ఫ్లాట్‌లో ఉండే రింతారోకి దక్కుతుంది. ఆ కుర్రాడు ప్రేమికుడు కాదన్నమాట, రిపేరు మెకానిక్.

దీన్ని సమర్థించేవాళ్ళు రింతారో ఆమెని ఉన్నదున్నట్టు ప్రేమించాడు అంటారు. నిజమే, అతను బాగున్నాడు, ఫుజికి నవోహితో బాగా చేశాడు. అయినా నాకు మింగుడు పడలేదు. పదకొండు వారాలు పోస్టర్ మీద ఒకణ్ణి పెట్టి అమ్ముకుని, తీర్పు దగ్గర ఈడూజోడూ అనే పాత తక్కెడ బయటికి తీశారు. పదేళ్ళ కిందటి అట్టపెట్టె సీరియల్ ఇంతకన్నా ముందుకు పోయింది.

ఇంకో తమాషా. ఈ రెండు సీరియళ్ళకీ మొహమైన షినోహారా ర్యోకో 2005 చివర్లో తనకన్నా ఇరవై నాలుగేళ్ళు పెద్దవాడైన నటుణ్ణి పెళ్ళాడింది. 2021లో విడిపోయారు. వాళ్ళ సొంత విషయం, నేను దాని మీద తీర్పు చెప్పను. కానీ ఆమె పెద్ద, పదేళ్ళ తేడా అంటే మూడు నెలల సీరియల్‌కి సరిపడా ముడిసరుకు. ఆమె చిన్న, ఇరవై నాలుగేళ్ళ తేడా అంటే ఒక వార్త.

టీచరు, స్కూలు పిల్లవాడు కథల్ని కూడా కొందరు ఇదే గంపలో వేస్తారు. జపాన్‌లో అలాంటివి వచ్చాయి, బాగా ఆడాయి కూడా. వాటిని నేను ఇందులో కలపను. అక్కడ వయసే అసలు సమస్య, పెద్దవాళ్ళ బాధ్యత అసలు ప్రశ్న. ఆడమనిషి స్వేచ్ఛ పేరు చెప్పి దాన్ని దాటవేయడం నాకు నచ్చదు.

పెద్దవాళ్ళైన ఇద్దరి మధ్య సంగతికి వస్తే, జపాన్ వాళ్ళకి ఒక పాత సామెత ఉంది. ఒక ఏడాది పెద్దదైన భార్య కోసం ఇనప చెప్పులు వేసుకునైనా వెతుక్కో అని. గడ్డి చెప్పులైతే తిరిగి తిరిగి అరిగిపోతాయి కదా. ఎందుకంత వెతుకులాట? ఇల్లు చక్కబెడుతుందని, మొగుణ్ణి చూసుకుంటుందని. అంటే పెద్ద భార్య మంచిదే, పని చేయడానికి. ఆమెకి మనసు కూడా ఉందంటే మాత్రం కథ వేరు. గెంజి కథలోనే రొకుజో అని ఒకావిడ ఉంటుంది. గెంజికన్నా ఏడేళ్ళు పెద్ద, చదువుకున్నది, రాజకుటుంబపు వితంతువు. గెంజి ఆమెని ప్రేమించి, తర్వాత పట్టించుకోవడం మానేస్తాడు. ఆమె లోపల అణచుకున్న కోపం, ఆమెకే తెలియకుండా, బతికుండగానే దయ్యమై వెళ్ళి గెంజి భార్య ఆవోయిని పీడిస్తుంది. ఆవోయి చనిపోతుంది. "నో" అనే జపాన్ సంప్రదాయ నాటకాల్లో దాన్ని ఇప్పటికీ ఆడతారు.

రొకుజో గురించి చదివినప్పుడు నాకు మన ముద్దుపళని గుర్తొచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో, ప్రతాపసింహుడి ఆస్థానంలో రాసిన "రాధికా సాంత్వనం"లో రాధ లేతపిల్ల కాదు. ఇళ అనే అమ్మాయిని తానే పెంచి పెద్దచేసి కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. చేశాక ఓర్చుకోలేదు. ఏడుస్తుంది, తిడుతుంది, తన కోరిక దాచుకోదు. ముద్దుపళని ఆమెని దయ్యం చేయలేదు. కృష్ణుడే వచ్చి బతిమాలుకోవాలి. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తిగా అచ్చు వేయిస్తే మన పండితులు గోల పెట్టారు, ప్రభుత్వం నిషేధించింది, ఆ నిషేధం పోవడానికి 1947 దాకా పట్టింది. కాబట్టి జపాన్ వాళ్ళ వైపు వేలు చూపించే పరిస్థితిలో మనం లేం.

నిజ జీవితం టీవీకన్నా ముందుంది. జపాన్‌లో 1970లో మొదటి పెళ్ళిళ్ళలో భార్య పెద్దదైనవి పదింట ఒకటి. 2010ల నడుమకి వచ్చేసరికి నాలుగింట ఒకటి. ఎక్కువగా ఏడాది, రెండేళ్ళ తేడాలే అనుకోండి. చట్టం మాత్రం 2022 ఏప్రిల్ దాకా పెళ్ళికి కనీస వయసు అబ్బాయికి 18, అమ్మాయికి 16 అనే అంది. ఇప్పుడు ఇద్దరికీ 18. మన చట్టంలో ఇంకా 21, 18. అమ్మాయి చిన్నదిగా ఉండటమే సహజం అని ప్రభుత్వమే రాసి పెట్టుకున్నాక సీరియల్ రచయితని మాత్రం ఏమంటాం?

మన దగ్గర మహేశ్ బాబుకన్నా నమ్రత మూడేళ్ళకు పైగా పెద్ద, టెండూల్కర్‌కన్నా అంజలి అయిదేళ్ళకు పైగా పెద్ద. ఎవరికీ అభ్యంతరం లేదు. ఎందుకుంటుంది? ఆ మగవాళ్ళ సంపాదన ముందు ఏ తక్కెడా నిలవదు. మామూలు ఇళ్ళలో సంగతి నాకు బాగా తెలుసు. మా ఆయన నాకన్నా రెండేళ్ళు చిన్న. పెళ్ళప్పుడు మా పెద్దమ్మ ఒక్కతే, "ఎవరైనా అడిగితే ఒకే ఈడు అని చెప్పండి" అంది. ఎవరూ అడగలేదు. ఇద్దరం ఉద్యోగాలు చేసుకున్నంత కాలం ఆ రెండేళ్ళు ఎవరికీ కనపడలేదు. తర్వాత ఆయన ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరారు, ఇల్లు నా జీతం మీద నడిచింది. అప్పుడు మొదలైంది. "పెద్దదాన్ని చేసుకున్నాడు, అందుకే ఆమె చెప్పినట్టు ఆడతాడు" అని ఒక శుభకార్యంలో నా వెనకాలే అన్నారు. ఆయన ఈడు, నా ఈడు పెళ్ళినాటివే. మారింది జీతం ఎవరి అకౌంట్లో పడుతోందన్నది ఒక్కటే. ఆయన నవ్వి ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు గానీ ఆ గొడవ ఇక్కడెందుకు.

అందుకే ఈ సీరియళ్ళు ముద్దు దగ్గరో, ఒప్పుకోలు దగ్గరో ఆగిపోతే నాకు ఆకలి తీరదు. "కిమి వా పెట్టో"ని 2011లో కొరియా వాళ్ళు సినిమాగా తీశారు, 2017లో జపాన్‌లోనే మళ్ళీ సీరియల్ చేశారు. మూడుసార్లూ అట్టపెట్టె దగ్గరే మొదలుపెట్టారు. ఒకసారి సుమిరేకి నలభై అయిదేళ్ళప్పుడు మొదలుపెట్టండి. జపాన్ కంపెనీల్లో బదిలీ ఆర్డరు వస్తే మగవాడు పెట్టె సర్దుకోవడం, భార్య ఉద్యోగం మానేసి వెంట వెళ్ళడమో పిల్లలతో వెనక ఉండిపోవడమో మామూలు. ఆమెకి హాంకాంగ్ బ్యూరో చీఫ్‌గా బదిలీ వచ్చింది అనుకుందాం. అతను డాన్సర్, మోకాళ్ళు అరుగుతున్నాయి, ఇప్పుడిప్పుడే టోక్యోలో పదిమంది పిల్లలకి నేర్పుతున్నాడు. పాప మూడో తరగతి. ఎవరు మానేయాలి? అతని అమ్మ ఫోన్ చేసి ఎవరితో మాట్లాడుతుంది? మొదటి ఎపిసోడ్‌కి ఇది చాలు. ఆ సీరియల్ ఎవరైనా తీస్తే ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ కూర్చుని రాస్తాను.